మెమొరీ కార్డు: నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో వాడకం, ఎంపిక

మెమొరీ కార్డు ఫోను, కెమెరా, స్పీకరు వంటి పరికరాల్లో పాటలు, ఫొటోలు, వీడియోలు దాచుకునే చిన్న నిల్వ సాధనం. జనం వాడుకలో ఇది చిప్పు, లేదా ఒట్టి మెమొరీ. కరెంటు అందకపోయినా ఇందులో దాచింది చెరిగిపోదు; ఒక పరికరంలోంచి తీసి మరోదాంట్లో పెట్టుకోవచ్చు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో కార్డు ఏయే పనులకు వాడుతున్నారు, ఏ పనికి ఎలాంటిది ఎంచుకోవాలి అన్నది ఈ వ్యాస విషయం. 2016 అక్టోబరు 11న, మళ్లీ 2019 ఫిబ్రవరి 17న జరిగిన పునర్విభజనల తర్వాత ఈ ప్రాంతం ప్రధానంగా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలుగా ఉంది.

ఇక్కడి ఊళ్లకు కార్డు మొదట పాటల కోసమే వచ్చింది. కొత్త ఫోన్లలో దానికి చోటు తగ్గుతూ వచ్చినా తోటల్లో, ఇళ్ల ముందు, నల్లమల అడవిలో పెట్టిన కెమెరాలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. పాటలకు సరిపోయిన కార్డు కెమెరాకు సరిపోతుందని లేదు.

పుట్టుక, రూపాలు

కార్డుకు మూలమైన ఫ్లాష్ మెమొరీని జపాన్‌లోని తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980లలో రూపొందించారు. నేటి కార్డులన్నింటికీ ఆధారమైన నాండ్ రకాన్ని 1987లో ప్రకటించారు. 1994లో శాన్‌డిస్క్ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డును, 1997లో శాన్‌డిస్క్, సీమెన్స్ కలిసి మల్టీమీడియా కార్డును, 1998లో సోనీ మెమొరీ స్టిక్‌ను తెచ్చాయి. ఒకరి కార్డు మరొకరి పరికరంలో పట్టని రోజులవి. 1999లో శాన్‌డిస్క్, పానసోనిక్, తోషిబా కలిసి ఎస్‌డీ కార్డును ప్రకటించాయి. ప్రమాణాలు చూసే ఎస్‌డీ అసోసియేషన్ 2000లో ఏర్పడింది. శాన్‌డిస్క్ 2004లో ట్రాన్స్‌ఫ్లాష్ పేరుతో తెచ్చిన ఇంకా చిన్న కార్డును 2005లో ఈ సంఘం మైక్రో ఎస్‌డీగా స్వీకరించింది.

ఇప్పుడు మార్కెట్లో ప్రధానంగా కనిపించేవి రెండు రూపాలు. కెమెరాల్లో వాడే పెద్ద ఎస్‌డీ కార్డు 32 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఫోన్లలో, స్పీకర్లలో, నిఘా కెమెరాల్లో వాడే మైక్రో ఎస్‌డీ 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు. చిన్నదాన్ని అడాప్టరులో పెట్టి పెద్దదాని చోట వాడుకోవచ్చు.

ఈ పరిశ్రమకు తెలంగాణతోనూ కొంత సంబంధం ఉంది. 1988లో శాన్‌డిస్క్‌ను స్థాపించిన ముగ్గురిలో ఒకరైన సంజయ్ మెహ్రోత్రా 2017 నుంచి మెమొరీ చిప్‌ల సంస్థ మైక్రాన్‌కు అధిపతి. ఆ సంస్థ 2019లో హైదరాబాదులో పరిశోధన, అభివృద్ధి కేంద్రం తెరిచింది.

లోపల జరిగే పని

కార్డులో రెండు ముఖ్య భాగాలుంటాయి. సమాచారాన్ని నిలిపేది మెమొరీ. ఏది ఎక్కడ రాయాలో, ఎక్కడి నుంచి చదవాలో చూసేది కంట్రోలరు. మెమొరీ అంటే కోట్ల కొద్దీ సూక్ష్మమైన గదులు. ఒక్కో గదిలో బంధించిన విద్యుదావేశాన్ని బట్టి సమాచారం నిలుస్తుంది. గదికి ఒక్క బిట్ దాచే రకం ఎక్కువ మన్నుతుంది, ధర కూడా ఎక్కువే. మూడేసి, నాలుగేసి బిట్లు దాచే రకాలు చౌక. దుకాణాల్లో దొరికే మామూలు కార్డులు చాలావరకు ఈ చౌక రకాలవే.

చదవడం వల్ల కార్డు పెద్దగా అరగదు. చెరిపి మళ్లీ రాయడం వల్ల అరుగుతుంది. ఒక్కో గది తట్టుకునే చెరిపివేతలకు హద్దుంది. ఒకే చోట పదే పదే రాయకుండా కంట్రోలరు ఆ భారాన్ని కార్డంతా పంచుతుంది. నింపి పెట్టుకుని వినే పాటల కార్డు ఏళ్ల తరబడి నిలవడానికి, రాత్రింబగళ్లు రికార్డు చేసే కెమెరాలో అలాంటి కార్డే తొందరగా పాడవడానికి కారణం ఇదే.

పరిమాణం, వర్గాలు

కార్డు మీద ఎస్‌డీ గుర్తు పక్కన ఉండే అక్షరాలు దాని వర్గాన్ని చెబుతాయి. ఏమీ లేకపోతే 2 జీబీ వరకు. హెచ్‌సీ అని ఉంటే 2 జీబీ దాటి 32 జీబీ వరకు. ఇది 2006లో వచ్చింది. ఎక్స్‌సీ అంటే 32 జీబీ దాటి 2 టీబీ వరకు, 2009లో వచ్చింది. యూసీ అంటే 2 టీబీ దాటి 128 టీబీ వరకు, 2018లో ప్రకటించారు. కొత్త పరికరం పాత వర్గం కార్డును చదువుతుంది. పాత పరికరం కొత్త వర్గాన్ని చదవకపోవచ్చు.

వర్గంతో పాటు ఫైలు వ్యవస్థ కూడా మారుతుంది. హెచ్‌సీ కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో వస్తాయి. ఇందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. వాటికి ఆ హద్దు లేదు. ఎక్స్‌ఫ్యాట్ తెలియని పాత స్పీకరులో 64 జీబీ కార్డు పెడితే పాట రాదు. దుకాణంవాళ్లు కార్డు పాడైందని అంటారు గానీ, చాలాసార్లు లోపం కార్డుది కాదు.

64 జీబీ కార్డు పెడితే ఫోనులో 59 చిల్లర మాత్రమే కనిపించడం కూడా మోసం కాదు. తయారీదారు వెయ్యేసి లెక్కన కొలిస్తే, చాలా పరికరాలు 1,024 చొప్పున లెక్కిస్తాయి. 64 జీబీ స్థానంలో 30 కనిపిస్తే మాత్రం అనుమానించాలి.

కార్డు మీది గుర్తులు

వేగాన్ని తెలిపే గుర్తులు మూడు తరాలవి. ఇంగ్లీషు సీ అక్షరం లోపల 2, 4, 6, 10 అంకెల్లో ఒకటి ఉంటే, సెకనుకు కనీసం అన్ని మెగాబైట్లు ఆగకుండా రాయగలదని అర్థం. యూ అక్షరం లోపల 1 ఉంటే 10, 3 ఉంటే 30 మెగాబైట్లు. వీ పక్కన ఉండే 6, 10, 30, 60, 90 అంకెలు నేరుగా ఆ కనీస వేగాన్నే చెబుతాయి. అంటే సీ10, యూ1, వీ10 మూడింటి హామీ ఒక్కటే.

ఏ1, ఏ2 గుర్తులు వేరే సంగతి చెబుతాయి. యాప్‌లు చిన్న చిన్న ముక్కలను అక్కడక్కడ చదువుతూ రాస్తుంటాయి. 2016లో వచ్చిన ఏ1 సెకనుకు 1,500 చదవడాలు, 500 రాయడాలు, 2017లో వచ్చిన ఏ2 4,000 చదవడాలు, 2,000 రాయడాలు చేయగలగాలి. కార్డును యాప్‌ల కోసం వాడేవారికే ఈ గుర్తు పనికొస్తుంది.

పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే సెకనుకు 100, 150 మెగాబైట్ల అంకె సాధారణంగా చదివే వేగం. వీడియో తీసేటప్పుడు కావలసింది రాసే వేగం. ఫోను కెమెరాతో తీసే మామూలు ఫుల్ హెచ్‌డీ వీడియోకు సీ10, 4కే వీడియోకు యూ3 లేదా వీ30 సరిపోతాయి.

పాటల కార్డు

2000ల చివరి నుంచి జియో రాక వరకు ఊళ్లలో మొబైల్ దుకాణమే పాటల దుకాణం. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల గడియారం సెంటర్ల చుట్టుపక్కల నుంచి మండల కేంద్రాల బస్టాండు గల్లీల దాకా, కంప్యూటరు పెట్టుకుని కార్డుల్లో పాటలు ఎక్కించడం ఒక చిన్న ఉపాధిగా ఉండేది. పాత పాటలు, జానపదాలు, భక్తి, బంజారా, డీజే అంటూ ఫోల్డర్లు సిద్ధంగా ఉండేవి. నిమిషానికి ఒక మెగాబైటు చొప్పున చూస్తే ఐదు నిమిషాల ఎంపీ3 పాటకు ఐదు మెగాబైట్లు. 4 జీబీ కార్డులో సుమారు 800 పాటలు. ముంబై, పుణె పనులకు పోయే పాలమూరు వలస కూలీకి నెట్టు ఖర్చు లేని వినోదం అది. హక్కుదారుల అనుమతి లేకుండా ఇలా పాటలు అమ్మడం 1957 నాటి కాపీరైట్ చట్టం కింద నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా చౌకయ్యాక ఈ వ్యాపారం తగ్గింది. అయినా కార్డు పోలేదు. 2017లో వచ్చిన జియోఫోన్, 2023లో వచ్చిన జియో భారత్ ఫోన్లు 128 జీబీ దాకా కార్డును తీసుకుంటాయి. ట్రాక్టర్లలో, ఆటోల్లో, బతుకమ్మ ఆడే చోట పెట్టే స్పీకర్లలో కార్డు, పెన్‌డ్రైవ్ నేటికీ నడుస్తున్నాయి.

ఇలాంటి స్పీకర్లకు 16 లేదా 32 జీబీ హెచ్‌సీ కార్డు, ఫ్యాట్32 పద్ధతి సరైన జోడీ. వేగంతో పనిలేదు, సీ4 కార్డు కూడా చాలు. చౌక స్పీకర్లలో చాలావరకు పాటలను అక్షర క్రమంలో కాక, కార్డులోకి ఎక్కించిన క్రమంలోనే వినిపిస్తాయి. విడి పాటలకు ఇది పట్టించుకోనక్కర్లేదు గానీ, ఒగ్గు కథ వంటి భాగాల కథను ఒక్కసారే గుంపుగా కాపీ చేస్తే మూడో భాగం మొదట రావచ్చు. కార్డును ఖాళీ చేసి, ఒకటో భాగం నుంచి వరుసగా ఒక్కొక్కటే ఎక్కిస్తే కథ క్రమంలో నడుస్తుంది.

ఫోనులో కార్డు

ఖరీదైన ఫోన్లు కార్డుకు దూరమయ్యాయి. ఐఫోన్‌లో ఈ చోటు ఎన్నడూ లేదు. శాంసంగ్ గెలాక్సీ ఎస్ వరుసలో 2021 నాటి ఎస్21 నుంచి తీసేశారు. వేగం ఇందుకు ఒక కారణం. ఫోన్లలో సాధారణమైన యూహెచ్‌ఎస్-1 కార్డుల గరిష్ఠ వేగం ప్రమాణం ప్రకారం సెకనుకు 104 మెగాబైట్లే. ఖరీదైన ఫోన్ల సొంత మెమొరీ అంతకు ఎన్నో రెట్లు వేగంగా నడుస్తుంది.

చౌక, మధ్యశ్రేణి ఫోన్లలో చాలావాటికి కార్డు ఇంకా పడుతుంది. కొన్నింటిలో రెండో సిమ్ము, కార్డు ఒకే గూటిలో పెట్టాలి. ఏదో ఒకటే ఎంచుకోవాలి. రెండు సిమ్ములు వాడేవారు ఫోను కొనేముందే ఈ సంగతి చూసుకోవాలి.

కార్డు పెడితే ఫోను వేగం పెరుగుతుందన్నది అపోహ. కార్డు ర్యామ్‌ను పెంచదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్‌కు వచ్చే ఫొటోలు, వీడియోలు ఫోను సొంత మెమొరీలోనే పడతాయి. వాటిని అప్పుడప్పుడు మనమే కార్డులోకి జరపాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో కార్డును ఫోను లోపలి మెమొరీగా మార్చుకునే వీలు వచ్చింది. అలా మార్చిన కార్డు ఆ ఫోనుకే ముడిపడుతుంది. ఫోను పాడైతే కార్డు తీసి మరోదాంట్లో పెట్టినా ఫొటోలు రావు. అందుకే ఫొటోలు దాచుకునేవారు కార్డును విడి నిల్వగా ఉంచుకోవడమే మేలు.

నల్లమలలో ట్రాప్ కెమెరాలు

కార్డు లేకపోతే ఆగిపోయే పనికి ఈ ప్రాంతంలో మంచి ఉదాహరణ అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో సుమారు 2,611 చదరపు కిలోమీటర్లలో విస్తరించిన ఈ అడవి, రాష్ట్ర విభజనకు ముందు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. ఇక్కడ పులుల లెక్క ట్రాప్ కెమెరాలతో సాగుతుంది.

జాతీయ పద్ధతి ప్రకారం అడవిని రెండేసి చదరపు కిలోమీటర్ల గళ్లుగా విభజించి, ఒక్కో చోట దారికి అటూ ఇటూ రెండు కెమెరాలు కడతారు. పులి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు ఒకేలా ఉండవు. రెండు పక్కలా ఫొటో ఉంటేనే ఫలానా పులి అని గుర్తించడం సాధ్యం. జంతువు కదలగానే కెమెరా దానంతటదే ఫొటో తీసి, తేదీ, సమయంతో కార్డులో రాస్తుంది. అటవీ సిబ్బంది, వారితో పనిచేసే చెంచు వాచర్లు నడిచి వెళ్లి కార్డులు తెస్తారు. సిగ్నల్ అందని లోతట్టు అడవిలోంచి ఫొటో బయటకు వచ్చే దారి చేతిలోని ఈ కార్డే. ఏ కార్డు ఏ కెమెరాదో, ఏ గడిదో తారుమారైతే ఫొటో స్పష్టంగా ఉన్నా లెక్కకు పనికిరాదు. దేశవ్యాప్తంగా 2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3,48,58,623 ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. మిగిలినవి ఇతర జంతువులవి.

ఒక ఫొటో మూడు మెగాబైట్లనుకుంటే 32 జీబీ కార్డులో పదివేలకు పైగా పడతాయి. అందువల్ల ఈ పనికి భారీ కార్డు అనవసరం. చాలా ట్రాప్ కెమెరాలు 32 జీబీకి మించి తీసుకోవు కూడా. పెద్ద ఎస్‌డీ కార్డు పక్కన ఉండే చిన్న తాళం మీట కిందికి జారి ఉంటే కెమెరా ఏమీ రాయలేదు. కెమెరా కట్టేముందు ఆ మీటను, కెమెరా గడియారాన్ని చూసుకోవాలి.

తోటలు, ఇళ్ల కెమెరాలు

నల్లగొండ బత్తాయి తోటల్లో, కొల్లాపూర్ మామిడి తోటల్లో, బోరుమోటార్ల దగ్గర, ఇళ్ల గేట్ల మీద కార్డుతో నడిచే వైఫై, సిమ్ కెమెరాలు కనిపిస్తున్నాయి. కార్డు నిండగానే పాత రికార్డింగు చెరిపి కొత్తది రాయడం వీటి పద్ధతి.

ఎన్ని రోజుల రికార్డింగు నిలుస్తుందో లెక్క కట్టవచ్చు. కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాత్రింబగళ్లు రికార్డు చేస్తే రోజుకు 21.6 జీబీ అవుతుంది. 64 జీబీ కార్డులో మూడు రోజులు, 128లో ఆరు, 256లో పన్నెండు రోజులు దాదాపుగా నిలుస్తాయి. మన్నిక లెక్క కూడా ఇందులోనే ఉంది. 64 జీబీ కార్డు ఏడాదికి 120 సార్లు నిండి చెరిగితే, 256 జీబీది 30 సార్లే చెరుగుతుంది. పెద్ద కార్డు ఎక్కువ రోజులు దాచడమే కాదు, తక్కువగా అరుగుతుంది. ఈ పనికి హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్న కార్డు కొనాలి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా కెమెరాను అమర్చితే రెండు లెక్కలూ ఇంకా మెరుగవుతాయి.

జనం గుమిగూడే దుకాణాలు, ఫంక్షన్ హాళ్లు వంటి వాటి విషయం వేరు. 2013 నాటి ప్రజాభద్రత చర్యల అమలు చట్టం ప్రకారం దాని పరిధిలోకి వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి, 30 రోజుల రికార్డింగు దాచాలి. పై లెక్కన ఒక్క కెమెరాకే 648 జీబీ కావాలి. కాబట్టి అక్కడ హార్డ్‌డిస్కు ఉన్న రికార్డరే సరి. కార్డుతో నడిచే కెమెరా ఉన్నచోట దొంగతనం వంటిది జరిగినప్పుడు దాన్ని వెంటనే ఆపి కార్డును విడిగా తీసిపెట్టాలి; ఆలస్యమైతే అసలు దృశ్యం మీదే కొత్త రికార్డింగు పడుతుంది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇలాంటి డిజిటల్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి.

పెళ్లి ఫొటోగ్రాఫర్లకు వేగం, భద్రత రెండూ ముఖ్యం. తలంబ్రాల ఘట్టం మళ్లీ రాదు. రెండు కార్డులు పట్టే కెమెరా వాడి ఒకే ఫొటో రెండింటిలో పడేలా అమర్చడం, వీడియోకు వీ60 లేదా అంతకు మించిన కార్డు వాడటం, రెండు చోట్ల కాపీ చేశాకే కార్డు ఖాళీ చేయడం వృత్తిలో మంచి అలవాట్లు.

నకిలీ కార్డులు

నకిలీల్లో ప్రమాదకరమైనది పరిమాణం మార్చిన కార్డు. లోపల ఉన్నది 8 జీబీయే అయినా, 512 జీబీ ఉందని పరికరానికి చెప్పేలా కంట్రోలరును మారుస్తారు. మొదటి 8 జీబీ వరకు అంతా బాగానే నడుస్తుంది. ఆపైన రాసింది ఎక్కడా నిలవదు, లేదా మొదట రాసినదాని మీద పడుతుంది. ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే తెరుచుకోవు. అందువల్ల కొన్న నెలలకు గానీ మోసం బయటపడదు.

దీన్ని తేల్చే మార్గం కార్డును నిండా నింపి, మళ్లీ చదివి సరిపోల్చడమే. విండోస్ కంప్యూటరులో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఈ పని చేస్తాయి. సెకనుకు 20 మెగాబైట్లు రాసే 64 జీబీ కార్డును నింపడానికే గంట దగ్గర పడుతుంది, ఓపిక పట్టాలి. సంతల్లో, జాతరల్లో, బస్టాండుల్లో విడిగా అమ్మే కార్డులు కొనకూడదు. సీలు వేసిన పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, వినియోగదారుల ఫిర్యాదు నంబరు ఉండాలి. బిల్లు తీసుకుంటేనే వారంటీ. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలోని జిల్లా వినియోగదారుల కమిషన్లను ఆశ్రయించవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు.

ఎండ, జాగ్రత్తలు, పాత కార్డులు

మంచి కార్డులు సాధారణంగా సున్నాకు దిగువన 25 డిగ్రీల నుంచి 85 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేసేలా తయారవుతాయి. నల్లగొండ వేసవిలో బయటి ఎండ ఆ హద్దుకు చేరనిదే అయినా, ఎండలో నిలిపిన కారు అద్దం వెనక, రేకుల షెడ్డు మీది కెమెరా డబ్బాలో వేడి బయటికంటే బాగా ఎక్కువ. వేడిలో దాచిన సమాచారం నిలిచే కాలం తగ్గుతుంది. కెమెరాకు నీడ పట్టు చూడడం, కార్డును ఏడాదికోసారి పరీక్షించడం మంచిది.

రాస్తుండగా కార్డును లాగేయకూడదు. సెట్టింగుల్లో విడదీసే ఆదేశం ఇచ్చాకే తీయాలి. పొరపాటున ఫొటోలు చెరిగితే ఆ కార్డులో ఇక ఏమీ రాయకూడదు. చెరిపినప్పుడు సాధారణంగా ముందుగా పోయేది జాబితాయే. పైన కొత్తది పడేదాకా అసలు సమాచారం తిరిగి రాబట్టే వీలుంటుంది. ఇదే కారణంతో పాత ఫోను అమ్మేటప్పుడు, రిపేరుకు ఇచ్చేటప్పుడు కార్డు తీసి ఇంట్లో పెట్టుకోవాలి. ఫార్మాట్ చేశాం కదా అని ధీమాగా ఉండరాదు. పాడైన కార్డులు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నిబంధనల స్ఫూర్తి ప్రకారం చెత్తబుట్టలో కాక, ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రంలో ఇవ్వాలి.

ఎంపిక క్రమం

కార్డు కొనేముందు వరుసగా నాలుగు సంగతులు తేల్చుకోవాలి. పరికరం ఏ వర్గాన్ని, ఎన్ని జీబీల దాకా తీసుకుంటుంది? కార్డులో రాయడం ఎక్కువా, చదవడం ఎక్కువా? దానికి తగిన వేగం గుర్తు ఏది? అమ్మేవారు బిల్లు ఇస్తారా? స్పీకరుకు 32 జీబీ హెచ్‌సీ, ఫోనులో ఫొటోలకు 64 లేదా 128 జీబీ యూ1, ఫోనులో 4కే వీడియోకు యూ3 లేదా వీ30, నిఘా కెమెరాకు 128 జీబీ లేదా అంతకు మించిన హై ఎండ్యూరెన్స్ కార్డు చాలామందికి సరిపోతాయి. ఎంత మంచి కార్డయినా ఒకనాడు పాడవుతుంది. పోతే మళ్లీ రానివాటిని రెండో చోట కూడా దాచుకోవాలి.